గడపదాక వచ్చి పోయినోళ్లు

మా సరిత బడిల కొలువు విడిచిపెట్టిన నాటినుంచి నాకు కుదురు లేదు.

చిక్కడపల్లిల మా ఇంటికి రెండు గల్లీల అవతలనే ఆ బడి. నాలుగు దాటితే నేను మలుపుదాక పోయి నిలబడేదాన్ని. ఆమె గొడుగు కనబడంగనే ఏం తెల్వనట్టు లోపలికొచ్చి చాయ్ పెట్టేదాన్ని. అంత దగ్గరి కొలువు కాదనుకోని, తొంభై తొమ్మిది జూన్ నెలల, నారాయణగూడ చౌరస్తా కాడ భానుప్రకాశ్ కంప్యూటర్ సెంటర్‌ల చేరింది. మూడో అంతస్తు. ఆ మాట వినంగనే నాకు ముందుగాల మెట్లు గుర్తొచ్చినయి. పట్టుకోను కమ్మి ఉన్నదో లేదో అని.

"ఏం పనే అది?" అని అడిగిన.

"వెబ్‌సైటు చేస్తున్నమమ్మా. కంప్యూటర్ల చదివే పత్రిక అనుకో. ఊళ్లనుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లల్ల ఉండి సర్కారు పరీక్షలకు చదువుతరు కదా, వాళ్ల కోసం. వారం వారం నేనే రాస్తా."

"అచ్చు వెయ్యరా?"

"వెయ్యరు."

"మరి కరెంటు పోతే?"

సరిత నవ్వింది. నేను నవ్వలే. కరెంటు పోతే మాయమయ్యే రాతకు జీతం ఎవరిస్తరు? అందుల పేరు రాస్తున్నవా, ఫోటో పెడుతున్నవా, ఎవడన్న చూసి ఎంబడి పడితే ఎట్ల అని ఒకదాని ఎనక ఒకటి అడిగిన. మా ఆయన హనుమప్ప మేస్త్రి పని చేస్తడు. గాంధీనగర్‌ల అపార్ట్‌మెంటు కడుతుండె అప్పుడు. సిమెంటు కాళ్లు కడుక్కుంట, "ఆమె డిగ్రీ చదివింది, నువ్వు ఏడు చదివినవ్. ఆమెకు తెలుస్తది తీ" అన్నడు. నేను చదివింది ఏడే, నిజమే. కానీ భయపడేందుకు చదువెందుకు?

మూడు నెలలు చూసి పక్కా చేస్తనన్నడట భానుప్రకాశ్. అంటే ఆగస్టు ఆఖరుదాక. పక్కా కాకపోతే? బడిల ఆమె కుర్చీల అప్పటికే ఇంకో పిల్ల కూసున్నది. ఆ మాట ఒక్కటే నా నెత్తిల తిరుగుతుండె. పప్పు కడిగినా అదే, చపాతీ ఒత్తినా అదే.

చపాతీ అంటే మా ఇంట్ల కాదు. అశోక్‌నగర్‌ల మగపిల్లల హాస్టల్ మెస్సుల పన్నెండేండ్ల నుంచి వంట చేస్తున్న. అరవై మంది తింటరు. అందరూ ఊళ్లోళ్లే. గ్రూప్ టూ అని ఒకడు, ఎస్సై అని ఒకడు, ఏదైతే అది అని ఒకడు. నన్ను ఈదమ్మక్కా అంటరు.

సరిత ఒకనాడు మొదటి పేజీ ఎట్లుంటదో కాయితం మీద గీసి నాకు చూపెట్టింది. అశోక్‌నగర్ గల్లీ. హాస్టల్, చాయ్ బండి, జిరాక్స్ దుకాణం, ఎస్టీడీ బూత్, లైబ్రరీ, కరెంటు స్తంభం మీద కాకి గూడ ఉన్నది. ఎంత ముద్దుగ ఉన్నదో. "ఈ ఇంటి మీద నొక్కితే ఒక కథ తెరుచుకుంటది, ఆ బండి మీద నొక్కితే ఇంకోటి. ఊరు తిరిగినట్టు తిరగాలె" అన్నది. హాస్టల్ల ఉండి మూడోసారి పరీక్ష రాస్తున్న మాసమ్మ అనే పిల్ల కథ రాస్తున్నదట, ఐదు భాగాలు. ఒక్కో భాగం ఒక్కో ఇంట్ల. నేను బొమ్మ చూసి సంబురపడ్డ. కాకి ఎందుకే, అశుభం అని మాత్రం అన్న.

జులై ఆఖర్ల ఆమె చెప్పిన ఒక మాటతోని అంత మొదలైంది.

"మొదటి పేజీ కింద ఒక నంబరు ఉంటదమ్మా. ఎవరన్న తెరిస్తే ఒకటి పెరుగుతది. కోచింగ్ సెంటర్ దక్షిణామూర్తి సారు ఉన్నడు కదా, ఆయన ప్రకటన ఇస్తేనే మా సైటు నడుస్తది. ఆగస్టు ఆఖర్ల వచ్చి చూస్తనన్నడు. ఆ నంబరు మీదనే నా కొలువు."

"ఇప్పుడెంత ఉన్నది?"

"అరవై నాలుగు. అండ్ల సగం నేనే."

ఇగ నాకు అన్నం సయించలే. అరవై నాలుగుల సగం తీస్తే ముప్పై రెండు. ముప్పై ఇద్దరిని చూసి ఏ సారు ప్రకటన ఇస్తడు?

తెల్లారి మెస్సుల వంకాయకూర. పిల్లలు పళ్లాలు పట్టుకోని వరుసల నిలబడ్డరు. గంటె చేతిల పట్టుకోని చెప్పిన. "ఒరేయ్ నాయనా, ఇనుర్రి. మీరు రిజల్ట్లు చూడనీకి నెట్ సెంటర్‌కు పోతరు కదా. పోయినప్పుడు మా సరిత పేజీ జర తెరువుర్రి. కింద ఒక నంబరుంటది, అది నాకొచ్చి చెప్పుర్రి. చెప్పినోళ్లకు ఒక గంటె కూర ఎక్కువేస్త."

"ఏ కూరైనానా అక్కా?" అన్నడు బీరయ్య. అచ్చంపేట దిక్కు పిల్లగాడు, ఎస్సైకి చదువుతుండె, తినేది మాత్రం ఇద్దరిది.

"ఏ కూరైనా."

"ఆదివారం కోడికూర నాడు రెండు నంబర్లు చెప్పొచ్చునా?"

అందరు నవ్విన్రు. కానీ పోయిన్రు. హాస్టల్ కిందనే నెట్ సెంటర్, నడిపెటోడు వాళ్ల దోస్తు. సాయంత్రం వచ్చి నిలబడి, "నూట పదకొండు అక్కా", "నూట ఇరవై అక్కా" అని చెప్తుంటే, గంటె వేసుకుంట నా పానం జర కుదుటపడేది. వారం తిరక్కముందే బీరయ్య ఒక ఉపాయం కనుక్కున్నడు.

"అక్కా, ఆడ ఒక మీట ఉన్నది. కొత్తగ తెరవనవసరం లేదు, దాన్నే ఒత్తితే నంబరు పెరుగుతది. పదిసార్లు ఒత్తిన, పది పెరిగింది!"

"మంచిది బిడ్డా, ఒత్తు" అన్న నేను.

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోబుద్ధయితది.

నంబరు మూడు వందలు, ఐదు వందలు అయింది. సరిత మొఖంల వెలుగొచ్చింది. ఇంటికొచ్చి బువ్వ రెండుసార్లు పెట్టించుకునేది. "జనం వస్తున్నరమ్మా! ఎవరో ఏమో, రోజుకు నలభై, యాభై!" అనేది. నేను గిన్నెలు తోముకుంట తల దించుకునేదాన్ని. ఇది చిన్న అబద్ధమేనా, పెద్దదా అని ఒకటే గుబులు. బయటపడితే? బయటపడదు. అయినా పడితే?

ఆగస్టు మూడోవారంల ఒకనాడు పొద్దు మునగకముందే ఇంటికొచ్చింది. చెప్పులు విడిచి అట్లనే గడప మీద కూసున్నది. ఎవడన్న ఏమన్న అన్నడా, మెట్ల మీదికెళ్లి పడ్డదా అని చేతులు కాళ్లు చూసిన.

"ఏం కాలేదమ్మా" అన్నది. "లోపలి పేజీలకు గూడ నంబర్లుంటయి. అవి బయటికి కనబడయి, భానుప్రకాశ్ సారు చూస్తడు. ఈరోజు చూపెట్టిండు. మొదటి పేజీ తొమ్మిది వందల నాలుగు. రెండోది ముప్పై. ఆఖరిది పదకొండు."

"అంటే?"

"అంటే తొమ్మిది వందల మంది గడపదాక వచ్చిన్రు. లోపలికి తొంగి చూసి, ఏం లేదని పోయిన్రు. పిల్లలకు పనికొచ్చేది రాయి అన్నడు సారు. నేను రాసేది ఎవరికీ అక్కెరలేదమ్మా."

నేను నోరు తెరిచిన. చెప్తే ఏమైతది? నిజంగ వచ్చింది యాభై మందో, అరవై మందో అని తేలుతది. కొలువు పోతది. చెప్పకపోతే? నా రాత చెడ్డది అనుకుంట కూసుంటది ఈ పిల్ల. రెండు దిక్కులా గుంతనే. నేను లేచి పోయి చాయ్ పెట్టిన. నాకు ఏం తోచకపోతే అదే చేస్త.

ఆ తర్వాత ఆమె ఊకోలే. బొమ్మకు ఇంకిన్ని రంగులేసింది. అక్షరాలు ఆ కొసనుంచి ఈ కొసకు పరుగెత్తేటట్టు చేసింది. తిరిగే చక్రం పెట్టింది, ఏదో పాట గూడ పెట్టింది. ఇంటికొస్తే అదే ముచ్చట. "ఇంకో మూడు ఇండ్లు గీస్త, అప్పుడు చూస్తరు" అంటది. బువ్వ కలిపి అట్లనే పెట్టేస్తది. హనుమప్ప గూడ పరేషాన్ అయిండు. "కట్టిన గోడకే మల్ల మల్ల సున్నం కొడితే ఎట్ల బిడ్డా?" అన్నడు. ఆమె ఇన్నట్టే లేదు.

నేను గుట్టుగ ఇంకో ఎత్తు ఎత్తిన. మెస్సుల పిల్లలతోని అన్న. "నంబరు చాలు నాయనా. ఇప్పుడు లోపలికి పోవాలె. మాసమ్మ కథ ఐదు భాగాలుంటది. మొత్తం చదివి, ఆఖర్న ఏమైందో చెప్పినోళ్లకు పెరుగు."

రెండు రోజులు ఎవడూ పెరుగు అడగలే. మూడోనాడు బీరయ్యను పట్టుకున్న.

"ఏమిరా, చదవమంటే సోమరితనమా?"

"అక్కా, నీ కాల్మొక్త, నేను పోయిన. బొమ్మ దిగేటందుకే నాలుగు నిమిషాలు పట్టింది. దిగినంక ఏం చెయ్యాల్నో తెల్వలే. కాకి మీద నొక్కిన, ఏం కాలే. స్తంభం మీద నొక్కిన, ఏం కాలే. చాయ్ బండి మీద నొక్కితే మూడో భాగం వచ్చింది. ఒకటోది ఏ ఇంట్ల ఉన్నది? అడ్రస్ చెప్పు, పోత."

"అడిగి పోవచ్చు కదరా!"

"కంప్యూటర్ల ఎవరిని అడగాలె అక్కా? ఆ కాకినా?"

పక్కన కూసున్నోడు, "నేను ఒక్కటి చదివిన, మంచిగనే ఉన్నది. ఎనకకు పోతే మల్ల ఆ బొమ్మ మొదటినుంచి దిగుడు షురూ అయింది. నెట్ సెంటరోడు టైం అయింది లే అన్నడు" అని చెప్పిండు.

నాకు కోపమొచ్చింది. వీళ్లకు ఓపిక లేదు, మా పిల్ల ఎంత కష్టపడి గీసింది అని. నేనే చూస్త అనుకున్న. మా గల్లీల పిండిగిర్ని పక్కన అనిత అనే పిల్ల చిన్న నెట్ సెంటర్ పెట్టింది. సరితతోని చదువుకున్నదే. పొద్దుగాల ఎవరూ ఉండరు. ఉప్మా గిన్నె పట్టుకోని పోయిన.

"ఆంటీ, మీరా! నెట్‌కా?" అని నోరెళ్లబెట్టింది అనిత.

"నవ్వకు. సరిత పేజీ తెరువు. ఆమెకు చెప్పకు."

ఫోను లైను కీచుమని మొత్తుకున్నది. నేను ఉలిక్కిపడి ఏదన్న కాలిందా అన్న. అనిత నవ్వాపుకుంట, లైను కలుస్తుంది ఆంటీ అన్నది. బొమ్మ పైనుంచి దిగుడు మొదలైంది. ముందు ఆకాశం ఒక పట్టీ. జరసేపటికి తీగలు. కాకి తలకాయ. నేను కండ్లు ఆర్పకుంట చూస్తున్న. చాయ్ బండి వచ్చేసరికి అనిత ఉప్మా తిని గిన్నె కడిగి తెచ్చింది. బొమ్మంత దిగింది. చాలా ముద్దుగున్నది. నేను చేతులు ఒళ్లె పెట్టుకోని కూసున్న.

"ఏం చేస్తున్నరు ఆంటీ?"

"కథ వస్తదేమో అని చూస్తున్న."

"రాదు. నొక్కాలె."

"ఏడ?"

"ఇగో, ఈ బాణం గుర్తు జరుపుతుంటే ఒకకాడ చెయ్యి బొమ్మ అయితది. ఆడ నొక్కాలె."

"చెయ్యి అయితదని నాకెవరు చెప్పిన్రు?"

"అందరికీ తెలుస్తది ఆంటీ... నెట్ చూసేటోళ్లకు" అని అనిత మెల్లగ అన్నది. తర్వాత ఆమెనే జర ఆలోచించి, "మొదటిసారి నాకు గూడ తెల్వలే తీయండి" అన్నది.

హాస్టల్ ఇంటి మీద నొక్కితే ఒకటో భాగం తెరుచుకున్నది. మాసమ్మ ఊళ్లె చెప్పకుంట మూడోసారి ఫీజు కట్టింది. గదిల నలుగురు, ఫ్యాను ఒకటి. హాల్‌టికెట్ పరుపు కింద దాచింది. అంతల ఊరినుంచి అన్న వచ్చి కింద నిలబడి పిలుస్తున్నడు. అక్కడ ఆగింది. అన్న పైకొస్తడా, హాల్‌టికెట్ చూస్తడా, చింపుతడా? కిందికి జరిపిన, పైకి జరిపిన. పేజీ అయిపోయింది. అంతే. ఏం లేదు. గోడ.

"తర్వాతిది ఏది?"

"ఎనకకు పోయి ఇంకో ఇల్లు నొక్కాలె."

"ఏ ఇల్లు?"

అనిత చూసింది. "అది... తెల్వదు ఆంటీ. ఒక్కొక్కటి నొక్కి చూడాలె."

ఎనకకు పోయినం. ఆకాశం మల్ల ఒక పట్టీ దిగింది. ఇద్దరం అట్ల చూస్తుండంగనే గిరాకీలు వచ్చిన్రు. నేను లేవాల్సొచ్చింది. ఆ రోజు మెస్సుల చారుల ఉప్పు రెండుసార్లు వేసిన. మాసమ్మ అన్న పైకొచ్చిండా లేదా అనే నెత్తిల తిరుగుతున్నది. రాసింది మా పిల్లనే అని గూడ మరిచిన.

శుక్రవారం సాయంత్రం సరిత చాప మీద కాయితం పెట్టుకోని రాస్తున్నది. ఏందని అడిగిన.

"రేపు దక్షిణామూర్తి సారు వస్తుండు. నేను ముందే చెప్పి వచ్చేస్త. తీసేసినంక వచ్చుడు కంటే నయం. రాసుడు నా పని కాదు."

ఇగ ఆగలేకపోయిన. "నీ రాతల లోపం లేదే. ఆ తొమ్మిది వందల మంది నావాళ్లే" అన్న.

"నీవాళ్లంటే?"

చెప్పిన. గంటె ముచ్చట, నంబరు ముచ్చట, బీరయ్య మీట ఒత్తిన ముచ్చట. హనుమప్ప నీళ్లు తాగుతున్నోడు పొలమారి దగ్గిండు. "అరె, గంటెతోని!" అని నవ్వబోయి, సరిత మొఖం చూసి చెంబు పట్టుకోని బయటికి పోయిండు.

"నేను సారుకు నా నోటితోని చెప్పిన, జనం వస్తున్నరని" అన్నది సరిత. "ఆయన దక్షిణామూర్తి సారుకు చెప్పిండు. నన్ను దొంగను చేసినవ్ కదమ్మా. నిజంగ ఎందరొచ్చిన్రు?"

"తెల్వదు బిడ్డా."

"ఎప్పుడూ ఇంతే నువ్వు. ఏమన్న అయితదేమో, ఏమన్న అయితదేమో అని నువ్వే చేస్తవ్ అది అయ్యేటట్టు!"

ఆ మాట నిజం. అందుకే తగిలింది. తగిలినందుకే నాకు గూడ రోషం వచ్చింది. "నేను చేసింది తప్పే. మరి నువ్వు చేసింది? నేను పోయి చూసిన నీ పేజీ. పొద్దుగాల అనిత కాడ కూసోని. వాళ్ల అన్న పిలుస్తున్నడు, కింద నిలబడి. తర్వాత ఏడ ఉన్నది? నాకు తొవ్వ దొరకలే! బీరయ్యకు దొరకలే! మెస్సుల పప్పు అయిపోంగనే వాళ్ల పళ్లెం ముందల చారు గిన్నె పెడత నేను. లేచి వంటింట్లకు వచ్చి, పది గిన్నెల మూతలు తీసి చారు దేంట్ల ఉన్నదో ఎతుక్కో అనను!"

సరిత నన్ను చూస్తనే ఉన్నది. ఏడుస్తదనుకున్న. ఏడవలే. చాప మీద కాయితం తిప్పి, ఎనక దిక్కు తెల్లగ ఉన్నకాడ పెన్ను పెట్టింది.

"మొదలు చెప్పు. బొమ్మ దిగినంక ఏం చేసినవ్?"

"చేతులు ఒళ్లె పెట్టుకోని కూసున్న."

"ఎంతసేపు?"

"కథ వస్తదేమో అని."

రాసుకున్నది. పోలీసోళ్లు అడిగినట్టు అడిగింది. పరుగెత్తే అక్షరాలు చదివినవా? లేదు, కండ్లు తిరిగినయి. పాట ఇన్నవా? ఎవరో తలుపు కొడుతున్నరనుకున్న. బీరయ్య ఏమన్నడు? అడ్రస్ చెప్పమన్నడు, కాకిని అడగాల్నా అన్నడు. అది గూడ రాసుకున్నది. నాతోని మాత్రం ఆ మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడలే.

శనివారం నేను గూడ ఎంబడి పోయిన. వద్దన్నది. ఈ తప్పు ఆమె మీద పడితే నేను బతికి ఏం లాభం అని పోయిన. మెట్లకు కమ్మి ఉన్నది. భానుప్రకాశ్ ముప్పై ఏండ్లుంటయేమో, సన్నటి మీసం. నేను నిలబడే చెప్పిన. ఇంటున్నకొద్ది ఆయన మొఖం మాడింది.

"ఆంటీ, నేను సారుకు వెయ్యి మంది అని మాటిచ్చిన. ఇంకో పదినిమిషాలల్ల వస్తడాయన. నేనేం చెప్పాలె?"

"నేనే చెప్త సార్."

"చెప్పుర్రి మరి!" అని కుర్చీ ధడాలున ఎనకకు జరిపిండు. సరిత దిక్కు గూడ చూడలే. అయిపోయింది, కొలువు పోయింది అనుకున్న.

దక్షిణామూర్తి సారు వచ్చిండు. తెల్లటి జుట్టు, చేతిల గొడుగు. అశోక్‌నగర్‌ల ఆయన లెక్కల క్లాసంటే పిల్లలు కిటికీలల్ల గూడ నిలబడి ఇంటరు. మా మెస్సుల సగం మంది ఆయన పిల్లలే. నేను దండం పెట్టి ఒక్క గుక్కల మొత్తం చెప్పిన. ఆయన గొడుగు మడిచి, గోడకు ఆనిచ్చి, కూసున్నడు.

"ఏ హాస్టల్ అన్నవమ్మా?"

చెప్పిన.

"బీరయ్య మీట ఒత్తిండా? ఎస్సైకి చదివేటోడేనా? వాడు నా క్లాసుల ఒక్క లెక్క పదిసార్లు చెయ్యమంటే చెయ్యడు" అన్నడు. నవ్విండో, కోపగించిండో తెల్వలే. భానుప్రకాశ్ దిక్కు తిరిగి, "లోపలి నంబర్లు చెప్పు" అన్నడు.

"రెండోది ముప్పై నాలుగు సార్. తర్వాత ఇరవై రెండు, పంతొమ్మిది, పద్నాలుగు. ఆఖరుది పదకొండు."

"ఆ పదకొండు గూడ ఈమె పిల్లలేనా?"

నేను తల ఊపిన, కాదని. "నా పిల్లలకు ఆఖరుదాక తొవ్వ దొరకలే సార్. పెరుగు ఇస్తనన్నా గూడ."

సరిత అప్పుడు మాట్లాడింది, మెల్లగ. "సార్, అండ్ల నేను ఒక్కసారి. ఇక్కడ సారు ఒక్కసారి. మిగిలిన తొమ్మిది మంది ఎవరో నాకు తెల్వదు."

"నేను ఊరికే చెప్పే మొదటి క్లాసుకు మూడు వందల మంది వస్తరు" అన్నడు దక్షిణామూర్తి సారు. "ఆ మూడు వందలు చూసి నేను ఎన్నడూ సంబురపడలే. రెండో వారం ఎవరు కూసున్నరో చూస్త. నువ్వు కట్టింది ఇంత గజిబిజి అని మీ అమ్మనే అంటున్నది. అండ్ల పడి, ఎవరూ తొవ్వ చెప్పకుంట, ఒక్కొక్క ఇల్లు నొక్కుకుంట తొమ్మిది మంది ఆఖరుదాక వచ్చిన్రు. ఎందుకొచ్చిన్రు?"

సరిత చున్నీ కొస వేలికి చుట్టుకుంట నిలబడ్డది. మొఖం ఎర్రబడ్డది. ఆమె నోటినుంచి అది రాదని నాకు తెల్సు. అందుకే నేనే అన్న. "వాళ్ల అన్న పైకొచ్చిండా లేదా అని తెలుసుకోనీకి సార్."

సారు నన్ను చూసిండు. తర్వాత కంప్యూటర్ చూసిండు. "ప్రకటన మూడు నెలలు ఇస్త" అన్నడు. "మొదటి పేజీల వద్దు. ఆ పదకొండు ఉన్న పేజీల పెట్టు. ఆడిదాక మంది వచ్చేటట్టు తొవ్వ వేసుడు నీ పని."

ఆయన పోయినంక భానుప్రకాశ్ బల్ల మీద వేలితోని కొట్టుకుంట కూసున్నడు. "పక్కా అని ఇప్పుడే అనను సరితా" అన్నడు. "ఈ మూడు నెలలు ఉండు. నంబర్లన్ని సున్న చెయ్యి. ఆంటీ, మీరు మాత్రం దయచేసి..."

"ఒట్టు సార్" అన్న.

మూడు నెలలు. అంటే నవంబరు ఆఖరు. అప్పుడు మల్ల ఇదే గుబులు. సంతోషపడాల్నా, భయపడాల్నా తెల్వక మెట్లు దిగిన. సరిత ముందల నడుస్తున్నది. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాక ఎనకకు తిరిగి చూడలే. నేను ఎనకనుంచి, ఆటో వస్తుంది చూసుకో, స్కూటర్ వస్తుంది చూసుకో అని చెప్పుకుంట వచ్చిన. మా గల్లీ మలుపుల ఆగింది.

"రేపు పొద్దుగాల నాతోని రా" అన్నది. "ఈరోజు కూసోని కొత్తది చేస్త. నువ్వు చదువు. నేను పక్కన ఉండి ఏం చెప్పను. నువ్వు ఏడ ఆగితే ఆడ రాసుకుంట."

"నేను తప్పు నొక్కితే? ఏదన్న చెడిపోతే?"

"నువ్వు తప్పు నొక్కితే నేను సరిగ చెయ్యలేదన్నట్టు."

ఆదివారం సెంటర్ తాళం ఆమెనే తీసింది. నన్ను కుర్చీల కూసోబెట్టి, ఎనక స్టూలు మీద పెన్సిల్, నోట్‌బుక్ పట్టుకోని కూసున్నది. ఎనకనుంచి ఎవరన్న చూస్తుంటే నాకు చెయ్యి ఆడదు. పేజీ తెరుచుకున్నది. బొమ్మ లేదు. పాట లేదు. తెల్లటి పేజీ మీద పెద్ద అక్షరాలల్ల నాలుగు పేర్లు, ఒకదాని కింద ఒకటి, గీత కొట్టి ఉన్నయి. మాసమ్మ కథ. పరీక్ష తేదీలు. హాస్టల్ ముచ్చట్లు. మాకు రాయండి.

ముద్దుగ లేదు. ఆ మాట అందామనుకోని ఎనకకు చూసిన. ఆమె పెదవులు బిగబట్టి నోట్‌బుక్ చూస్తున్నది. కాకి గూడ పోయింది పాపం అనుకున్న.

మాసమ్మ కథ అనే అక్షరాల మీదనే నొక్కిన. వెంటనే వచ్చింది. నాకు తెల్సిన భాగమే అయినా మల్ల చదివిన. అన్న కింద నిలబడి పిలిచిండు. దాని కిందనే ఒక గీత, ఒక మాట: రెండో భాగం, అన్న మెట్లెక్కిండు. దాని మీద నొక్కిన. నొక్కిన సంగతి గూడ నాకు యాది లేదు.

అన్న పైకొచ్చిండు. పరుపు మీదనే కూసున్నడు. కింద హాల్‌టికెట్. అమ్మకు పానం బాగలేదు, ఇంటికి రా అన్నడు. మూడో భాగం, బస్టాండు. పోయిందా, పోలేదా? పోలే. అన్నను బస్సెక్కించి ఎనకకు వచ్చింది. నాకు ఆమె మీద కోపమొచ్చింది, తల్లికి బాగలేకపోతే పోకపోతవా అని. నాలుగో భాగం, పొద్దున ఎనిమిదింటికి. పరీక్ష సెంటరు కాడ నిలబడ్డది. ఎస్టీడీ బూతునుంచి ఎవరో ఆమె పేరు పెట్టి పిలుస్తున్నరు, ఊరినుంచి ఫోనట. గేటు మూసేందుకు ఇంకా ఐదు నిమిషాలే ఉన్నది. కింద ఐదో భాగం పేరు చూసి గబుక్కున నొక్కిన.

తెర ఆగిపోయింది. మోడెం దీపాలు ఆరిపోయినయి. లైను తెగింది.

"అయ్యో!" అని కుర్చీల నుంచి సగం లేచిన. "ఏమైందే? ఆ తల్లికేమన్న అయిందా? ఫోనెత్తిందా? ఆ పిల్ల ఏమన్న చేసుకున్నదా?"

తిరిగి చూస్తే సరిత నోట్‌బుక్ ఒళ్లె పెట్టుకోని నన్నే చూస్తున్నది. పేజీ మీద ఒక్క అక్షరం లేదు.

"అమ్మా, నాలుగు పేజీలు వచ్చినవ్. ఏడ నొక్కాలె అని ఒక్కసారి గూడ ఆగలే."

"అది తర్వాత చూద్దాం తీ. ముందు ఫోనెవరిదో చెప్పు."

"చెప్పను."

"నీకేం పోయిందే, నువ్వే కదా రాసింది!"

"చెప్పను. లైను రానీ" అని లేచి పోయి ఫోను తీగ సరిచేసింది. మోడెం మల్ల కీచుమని మొత్తుకోవట్టింది. నేను కొంగుతోని మొఖం తుడుచుకోని, బల్ల అంచు రెండు చేతులతోని పట్టుకోని, తెర దిక్కే చూసుకుంట కూసున్న.